అడిగే అక్కయ్య, అడగని కొట్టు

మా అక్కయ్య ఊపిరి తీసుకోకుండా కాసేపైనా ఉండగలదు గానీ, ప్రశ్న వేయకుండా ఉండలేదు.

మాది మందుల షాపు. ఫార్మసీ చదివింది తను. షట్టరు ఎత్తేదీ, బీరువాల దుమ్ము దులిపేదీ నేను. ఎవరైనా దగ్గుతూ వచ్చారా, అయిపోయారే! "ఎన్నాళ్ల నుంచి? పొడి దగ్గా, కఫం పడుతోందా? పడుకుంటే ఎక్కువా, కూర్చుంటే ఎక్కువా? బీపీకి ఏమైనా వాడుతున్నారా? ఇంట్లో ఎవరైనా సిగరెట్టు కాలుస్తారా?" ఆ మనిషి దగ్గడం కూడా మరిచిపోయేవాడు. ఒకాయన బస్సు ఎక్కడాగుతుందో కనుక్కుందామని లోపలికొచ్చి, తన మోకాలి నొప్పి చరిత్రంతా చెప్పి, బస్సు తప్పిపోయి నడిచి వెళ్లాడు. మీటరు చూడటానికొచ్చిన కరెంటు మనిషిని "వేలికి ఆ కట్టేమిటి? ఇంజెక్షను వేయించుకున్నావా?" అని మొదలెట్టింది. ఇప్పుడతను వీధిలోంచే బైనాక్యులర్స్‌తో మా మీటరు చూసుకుంటున్నాడు.

అలాంటి రోజుల్లో అందరి ఫోన్లలోకీ ఒక మందుల కొట్టు వచ్చింది. ఎవరు నడుపుతున్నారో తెలియదు. "చీటీ వద్దు, ప్రశ్నలు లేవు, ఏ మందైనా మీ గుమ్మంలోకి!" అని ప్రకటన.

"ఇది నన్ను అన్నట్టు లేదూ?" అంది అక్కయ్య.

"నిన్నే" అన్నాను.

మా షాపుకొచ్చేవాళ్లలో సగం మంది అటు వెళ్లిపోయారు. పక్క వీధి టైలరమ్మ అయితే మా గుమ్మం దగ్గరికి రాగానే తల వంచుకుని దాటిపోయేది. ఒక మధ్యాహ్నం ఆమె మా మెట్ల ముందే తూలి పడబోతే, అక్కయ్య ఒక్క ఉరుకున వెళ్లి పట్టుకుంది.

"వదినా, ఆ కళ్లేమిటి అలా ఉన్నాయి? వేలికేమైంది?"

"సూది దిగింది."

"ముప్ఫై ఏళ్లుగా కుడుతున్నదానివి, సూది ఎలా దిగింది?"

ఆరో ప్రశ్నకి విషయం బయటపడింది. నిద్రమాత్రలు. ఆ ఫోను కొట్టువే. మొదట సగం మాత్ర వేసుకునేది, ఇప్పుడు నాలుగు. మిషను మీదే తూగుతోంది.

"ఇన్ని ఎందుకని వాళ్లు అడగలేదా?"

"అడిగేవాళ్లయితే నీ దగ్గరికే వచ్చేదాన్నిగా వదినా!"

ఒక్కసారిగా మానేసినా ప్రమాదమేనని, అక్కయ్య అప్పటికప్పుడు ఆమెను డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్లింది. ఆయన మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించే పద్ధతి రాసిచ్చాడు. తిరిగొచ్చాక అక్కయ్య ఫోను తీసి ఆ కొట్టు తెరిచింది.

ఎలుకల కోసం మేమొక పిల్లిని పెంచుతున్నాం. నిద్రమాత్రల ఆర్డరు ఫారం దాని పేరు మీద నింపింది. పేరు: మీసాలయ్య. వయసు: నాలుగు. బరువు: ఐదు కిలోలు. వృత్తి: ఎలుకలు పట్టడం. ఇబ్బంది: పగలంతా నిద్రే, ఇంకా పడుకోవాలని ఉంది.

"దీనికి కూడా ఇస్తారా ఎక్కడైనా?" అన్నాను.

మూడో రోజు పొట్లం వచ్చింది. రెండొందల నిద్రమాత్రలు, "రోగిని స్వయంగా పరీక్షించాను" అన్న డాక్టరు చీటీ, "త్వరగా కోలుకోండి మీసాలయ్య గారూ" అంటూ గులాబీ రంగు కార్డు!

అక్కయ్య పొట్లం చంకలో, రోగిని బుట్టలో పెట్టుకుని మందుల తనిఖీ ఆఫీసుకు బయల్దేరింది. వెనక నేను.

"ఇలాంటివి వందలున్నాయమ్మా. అర్జీ ఇచ్చి వెళ్లండి, చూద్దాం" అన్నాడు అధికారి.

"ఎప్పుడు చూస్తారు? ఎవరు చూస్తారు? పొట్లం ఎక్కడి నుంచి వచ్చిందో కొరియరు వాళ్లను ఇప్పుడే అడగొచ్చా? పిల్లికే ఇచ్చినవాళ్లు పిల్లలకి ఇవ్వరా? అన్నట్టు, మీ మొహం అలా ఉబ్బిందేం? ఉప్పు ఎక్కువ తింటారా?"

పదకొండింటికి మొదలెట్టింది. మూడింటికి అధికారి లేచి జీపు తెప్పించాడు. "దాడికైనా వెళతాను గానీ, ఇక్కడ కూర్చోవడం నా వల్ల కాదు" అని గుమాస్తాతో అనడం నేను చెవులారా విన్నాను.

పొట్లం జాడ పట్టుకుని వెళితే పాత టైర్ల గోదాము తగిలింది. బస్తాల్లో మాత్రలు, సగం తేదీ దాటినవి. డాక్టరంటే అక్కడ ఒక రబ్బరు స్టాంపు. కొట్టు మూతపడింది, నడిపేవాళ్లు జైలుకెళ్లారు. మర్నాడు మేం షట్టరు ఎత్తేసరికి వీధంతా నిలబడి చప్పట్లు! మీసాలయ్యతో ఫొటోలకు జనం ఎగబడ్డారు. ఫొటోలు తీస్తున్నాయన చెయ్యి ఎందుకు వణుకుతోందో అక్కయ్య కనుక్కుంటూనే ఉంది.

రెండు నెలలకు టైలరమ్మ నిటారుగా నడుచుకుంటూ షాపులోకి వచ్చింది.

"మాత్రలు పూర్తిగా మానేశాను అన్నయ్యా! డాక్టరు చేసిందొక ఎత్తు, రోజూ వదిన వచ్చి కూర్చోవడమొక ఎత్తు."

నేను నోరు తెరిచాను. షాపు కట్టేశాక నడకకని అక్కయ్య వెళ్లేది వీళ్లింటికా!

"కూతురు కాపురానికి వెళ్లాక ఆ ఇంట్లో నన్ను పలకరించే మనిషి లేదు. నిద్ర పట్టనిది అందుకే. వదిన వచ్చి అడిగేది. మొదటి మిషను ఎప్పుడు కొన్నావు, ఏ రంగుది, మొదట కుట్టిన గౌను ఎవరికి అని. చెబుతూ చెబుతూ ఉంటే ఇరవయ్యో ప్రశ్నకి కళ్లు మూతలు పడేవి!"

అక్కయ్య చప్పున బీరువా వైపు తిరిగి, సర్దిన సీసాలే మళ్లీ సర్దింది. "ఏదో, తెలుసుకోవాలనిపించి అడిగాను" అని గొణిగింది.

వెనక నిలబడ్డ బ్యాంకు గుమాస్తా ముందుకొచ్చాడు.

"మా ఆవిడకీ నిద్ర పట్టడం లేదండీ. మీ అక్కయ్యగారిని ఒక గంట పంపిస్తారా?"

"దానిదేముంది, పంపిస్తాను. డాక్టరు చీటీ తెచ్చుకోండి" అన్నాను.