సున్నాలు తిరిగిన దసరా

నా చిన్నప్పుడు వరంగల్లులో మా వాడ నిండా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడును మింగేసేది ఒక్కటే ఉండేది, మా చిన్నాయన ఫట్‌ఫటి. మోటారు సైకిలును అప్పట్లో అందరూ అలాగే అనేవాళ్లు. చిన్నాయనంటే మా నాన్న తమ్ముడు. నర్సంపేట వైపు, తొర్రూరు వైపు ఊళ్లు తిరిగి పత్తి మిల్లుకు పత్తి చూసిపెట్టడం ఆయన పని. మిల్లువాళ్లు పనికిరాదని మూలన పడేసిన బండిని అడిగి తెచ్చుకుని, విప్పి, కడిగి, మళ్లీ బిగించి నడిపించాడు.

ఆ బండిని ఆయన చూసుకున్నంత బాగా మా ఇంట్లో పిల్లల్ని కూడా ఎవరూ చూసుకోలేదు. దెప్పడానికి అనడం లేదు, నిజంగానే. ఊరి నుంచి రాగానే తన మొహం కడుక్కోకముందే దాని దుమ్ము తుడిచేవాడు. గొలుసుకు నూనె పెట్టి, చక్రం తిప్పి, చెవి ఒగ్గి వినేవాడు. యుద్ధం రోజులవి. పెట్రోలే గగనమంటే ఇక టైర్లు, సామాను సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే బజారుకు నడిచి పోయేవాడు తప్ప బండి తీసేవాడు కాదు.

పెట్రోలు టాంకీ మీద గుండ్రటి మీటరు ఉండేది, అందులో మైళ్లు చూపే అయిదు అంకెలు. నాకు అంకెలు వచ్చింది దాన్ని చూసే. సాయంత్రాలు నన్ను టాంకీ మీద కూర్చోబెట్టుకుని చదివించేవాడు. అన్నీ తొమ్మిదులయ్యాక మళ్లీ అన్నీ సున్నాలవుతాయని, అలా ఒక చుట్టు పూర్తి చేసిన బండిని తానెక్కడా చూడలేదని చెప్పేటప్పుడు ఆయన గొంతే మారిపోయేది.

ఆ సున్నాల కోసం ఆయన అంత ఎదురుచూడడానికి కారణం మా తాత. కొడుకు మగ్గం దిగి ఇనుము వెంట పోవడం తాతకు మింగుడుపడలేదు. బండి ఇంటికొచ్చిన కొత్తలో, "గీ తుక్కు ఎన్నొద్దులు నడుస్తదిరా? గా అంకెలు తిరిగి సున్నలకొచ్చిన్నాడు నేను ఎక్కుత, పో" అన్నాడట. ఎగతాళికి అన్న మాటే, కానీ చిన్నాయన దాన్ని మనసులో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి తాత ఆ బండిని ముట్టలేదు. తండ్రీకొడుకుల మధ్య మాటలు కూడా అవసరం మేరకే నడిచేవి.

ఏళ్లు గడిచాయి. ఒక దసరా ముందు మీటరు నిండా తొమ్మిదులు వచ్చేశాయి, చివరి అంకె ఒక్కటే మిగిలింది. ఆ కొద్ది మైళ్లను చిన్నాయన పండగ కోసం దాచిపెట్టాడు. టైర్ల మీద బరువు పడకుండా ఇటుకలు పేర్చి బండిని ఎత్తిపెట్టి, మిల్లుకు ఎవరి సైకిలో అడుక్కుని పోయి వచ్చాడు. దసరా సాయంత్రం జమ్మికి పోయేటప్పుడు తాతను వెనక ఎక్కించుకోవాలి, సున్నాలు తిరిగే చోట బండి ఆపి ఇద్దరూ చూడాలి. అదీ ఆయన కోరిక. వాడంతటికీ తెలుసు. తాతకూ తెలుసు, ఏమీ ఎరగనట్టు కొత్త ధోవతి కట్టుకుని కూర్చున్నాడు.

పొద్దున్నే పనిముట్లన్నిటికీ పూజ అయింది. మగ్గానికీ బండికీ ఒకే తీరుగా పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. పూజ చేసిన పనిముట్టును జమ్మికి బయలుదేరేదాకా కదపకూడదని తాత పట్టింపు. ఇంట్లో ఎవరూ ఆ మాట దాటేవాళ్లు కాదు. నేను దాటాను. చక్రాన్ని చేత్తో తిప్పితే సున్నాలు వచ్చేస్తాయని, అందరికంటే ముందు నేనే చూడొచ్చని ఆశ. పెద్దవాళ్లు వంటల హడావిడిలో ఉండగా వంగి, ఇటుకల సందులో చెయ్యి ఆనించాను. ఆ సందులో తేలు ఉంది.

కేక వేశానని గుర్తుంది. కాసేపటికే ఒళ్లంతా చెమటలు, నాలుక మడతపడింది. ఎవరో మంత్రం వేయించమన్నారు, ఎవరో హనుమకొండ దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. మా అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తోంది. చిన్నాయన బండి వైపు చూశాడు, తర్వాత తాత వైపు చూశాడు.

తాత లేచి వెళ్లి బండికున్న బంతిపూల దండను తెంపి పడేశాడు. "నా మొకం ఏం సూస్తవ్ రా? తియ్యి బండి, పోరి సల్లబడుతాంది" అన్నాడు. నలుగురు పట్టి బండిని కిందికి దించారు. నన్ను ముందు టాంకీ మీద కూర్చోబెట్టారు కానీ నేను నిలిచేలా లేను. దాంతో తాతే కొత్త ధోవతి ఎగగట్టి వెనక ఎక్కాడు. కొడుకును చుట్టుకుని రెండు చేతులూ ముందుకు చాపి నన్ను పట్టుకున్నాడు.

దారిలో నా కళ్లు మూతలు పడుతున్నాయి. "పండుకోకు బిడ్డా! గా మీటరు అంకెలు సదువు, నేను ఇంటాన" అని తాత వెనక నుంచి అరిచాడు. నేను నిద్రలోకి జారకుండా ఆయనకు తోచిన ఉపాయం అది. తొమ్మిది, తొమ్మిది అని చదివాను. ఆగితే నడుము నొక్కేవాడు, మళ్లీ మొదలుపెట్టేదాన్ని. చూస్తుండగానే చివరి అంకె మెల్లగా కదిలింది, దాని వెంట మిగతావన్నీ ఒక్కసారే తిరిగాయి. "చిన్నాయనా, అన్ని సున్నలైనయ్. ఆపు, సూడు" అన్నాను.

"సూసిన బిడ్డా, సూసిన. నువ్వు ఆపకు, సదువు" అన్నాడు చిన్నాయన. బండి వేగం తగ్గలేదు. ఆయన గడ్డం నా నడినెత్తికి ఆని ఉంది. అది మీటరు వైపు కొంచెమైనా వంగలేదు.

దవాఖానలో డాక్టరు సూది వేశాడు. నాకు తెలివి వచ్చేసరికి పొద్దు వాలింది, జమ్మి వేళ కూడా దాటిపోయింది. బయటికి వస్తే చిన్నాయన తన అంగీ కొసతో మీటరు అద్దం మీది కుంకుమ తుడుస్తున్నాడు. అప్పటికే సున్నాలు పోయి చివర వేరే అంకె వచ్చి కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇటుకల సంగతి, చక్రం సంగతి అన్నీ చెప్పి, నీ సున్నలు నేనే ఖరాబు చేసిన అన్నాను.

"మీ తాత ఎక్కిండు గద, ఇంకేం గావాలె?" అన్నాడు. నన్ను ఎత్తుకుని, "ఇంకో సుట్టు తిరిగితే మల్ల అవే వస్తయ్. ఫికర్ జెయ్యకు" అని నవ్వాడు. తాత ఎవరూ పిలవకుండానే వెళ్లి వెనక సీటు మీద కూర్చున్నాడు.

ఆ రెండో చుట్టు పూర్తి కాలేదు. కొన్నేళ్లకు మిల్లు మూతపడింది, బండి చేతులు మారింది, ఆ తర్వాత చిన్నాయనా పోయాడు. నా వల్లే తండ్రీకొడుకులు కలిశారని మావాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. నేను ఆ ముచ్చటలో కలవలేను. చూడకుండానే చూశానని చిన్నాయన నా కోసం అన్న మాట ఈ వయసులోనూ నా గుండెలో గుచ్చుకుంటుంది.

నా కోసం ఎవరైనా పరుగున వస్తే, ఏం వదులుకుని వచ్చావని ముందుగా అడగడం నాకు అలవాటు. మా పిల్లలు విసుక్కుంటారు, అయినా అడుగుతాను. మా చిన్నాయనను మాత్రం ఆ మాట ఒక్కనాడూ అడగలేదు.