వెనకున్నామె వచ్చేదాకా

"ఇదేంటండీ బాబూ, ఇంకా నోరైనా తెరవలేదు, అప్పుడే తాళం ఎంతని అడుగుతోంది!"

రేచలమ్మగారు కళ్ళజోడు సర్దుకుని ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూశారు. ఎవరైనా ఇట్టే పాటకి స్వరాలు రాసుకోవచ్చనీ, పైసా ఇవ్వక్కర్లేదనీ స్వాగతం పలికిన సాఫ్ట్‌వేర్, ఆ వెంటనే వాయిద్యం ఏది, శ్రుతి ఏది అంటూ ప్రశ్నలకు దిగింది.

"ఆయ్, కొత్తవాళ్ళని అలాగే అడుగుతుందండి అక్కగారూ," అన్నాడు శ్యామ్ సుందర్. రాజోలులో ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఈ సాఫ్ట్‌వేర్ తనంతట తనే నేర్చుకున్నాడు. ఆదివారం ఆమె పాట వినడానికే గుడిలో ముందు బెంచీలో కూర్చుంటాడు.

"ఫ్రీ అంటూనే పెళ్ళిచూపుల్లో అడిగినన్ని అడుగుతోందే!"

నవ్వబోతే గొంతు జీరపోయింది. సోమవారం కాకినాడలో గొంతుకి ఆపరేషన్. మాట వస్తుంది గానీ పాట సంగతి చెప్పలేమన్నారు డాక్టర్లు. రేచలమ్మగారి అమ్మ వరి ఊడ్పుల్లో పాడిన వరస ఒకటి ఇప్పుడు ఈమెకొక్కర్తెకే వచ్చు. చర్చిలో కోతపండక్కి దాన్ని టీచరు పుష్పలత అందరిచేతా పాడించాలి. అందుకే ఈ తంటా.

పైన సిద్ధంగా ఉన్న నాలుగు దెబ్బల తాళమే ఎంచుకున్నాడతను. ఆమె పాడుతుంటే ఒక్కో స్వరం పెట్టి, చివర ప్లే నొక్కాడు. పాట పరుగెత్తింది.

"ఆగదేం? బస్సు తప్పిపోతోందా దీనికి?"

"ఎక్కడాగాలండీ?"

"చరణం చివర. ఊడ్చేవాళ్ళు వెనక్కి అడుగేస్తారు కదండీ. వెనకబడ్డామెతో సహా అందరి కాళ్ళూ బురదలోంచి ఊడి రావాలి. అప్పుడే తర్వాతి మాట."

ఇన్నేళ్ళూ ఆమె అక్కడ ఊపిరి తీసుకుంటున్నారనుకున్నాడు శ్యామ్ సుందర్. సాఫ్ట్‌వేర్ చూపించే మొదటి పాఠంలో ఆగడం గురించి ఒక్క ముక్క లేదు. వెతగ్గా వెతగ్గా లోపలెక్కడో నెలవంక కింద చుక్కలాంటి గుర్తు దొరికింది. పెట్టాడు. పాట ఆగింది, కానీ ప్రతిసారీ ఒకే కొలతకి.

"ఎవరి కాలు ఎప్పుడొస్తుందో దీనికేం తెలుసు!" అన్నారామె.

కాస్త పెంచాడు, తగ్గించాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.

"పోనీలెండి, ఇంక దాన్ని హింసపెట్టకండి. కింద తెలుగు రాయనిస్తుందా?"

"ఇస్తుందండి."

ఆమె చెప్పినట్టే నెలవంక కింద టైపు చేశాడు: వెనకున్నామె వచ్చేదాకా.

"ఆఁ. దీన్ని ప్రింటు తీసి పుష్పలతకిచ్చి రండి. చెయ్యి ఊపుకుంటూ లెక్కపెట్టొద్దనండి. ఆఖరి బెంచీలో అందరికన్నా వెనగ్గా పాడే సాలమోను వాళ్ళమ్మ ఉంటుంది చూడండి, ఆవిడ నోరు మూసేకే రెండో చరణం ఎత్తమనండి. ఆ ఆగడం కాగితం చూస్తే అర్థం కాదు. మీరోసారి పాడి వినిపించండి."

"నేనాండీ?"

"మరెవరండీ? విన్నది మీరేగా. వెళ్ళండి, పుష్పలత స్కూలుకెళ్ళిపోతుంది."