ఊరు చెప్పని బస్సు

హిల్డా గాసెట్‌కి బస్సంటే ఇష్టమేమీ లేదు. వంకర దారుల్లో కడుపులో తిప్పుతుంది. అయినా వేసవి వచ్చిందంటే నెలకో ఆదివారం క్లైవ్ నడిపే బస్సులో కిటికీ పక్క సీటు ఆమెదే. అది ఊరు చెప్పని యాత్ర. ఎక్కడికి తీసుకెళ్తున్నాడో క్లైవ్ ముందుగా ఎవరికీ చెప్పడు. ఎక్కినవాళ్లు తలో ఊరి పేరు ఊహించి చెబుతారు. సరిగ్గా చెప్పినవాళ్లకి ఒక చాక్లెట్ డబ్బా.

“నువ్వు నోరు విప్పక్కర్లేదులేవే, నాకు తెలుసు,” అంది పక్క సీట్లోంచి బెరిల్. “నెదర్ కోలీ. ఏళ్ల తరబడి ఆ ఒక్క పేరే పట్టుకు వేలాడుతున్నావు. మొగుణ్ణి కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు నువ్వు.”

“పట్టుకోదగ్గవాడైతే పట్టుకుందును,” అంది హిల్డా.

నెదర్ కోలీలో ఆమె చెల్లెలు ఎనిడ్ ఉంటుంది. తల్లిని పూడ్చిపెట్టి వచ్చిన రోజు అందరూ ముందుగదిలో టీ తాగుతుండగా, “పందిమాంసం ముక్కలు ఇంత మందంగా కోశావేం? అమ్మకి నచ్చేది కాదు,” అంది ఎనిడ్. “అమ్మకి ఏది నచ్చేదో నీకెలా తెలుసు? క్రిస్మస్‌కి మాత్రం వచ్చిపోయే చుట్టానివి,” అంది హిల్డా, నలుగురిలో. ఎనిడ్ ప్లేటు కింద పెట్టి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. అప్పట్నుంచీ పండక్కి ఒక కార్డు, అందులో ఒట్టి పేరు. కిందటి క్రిస్మస్‌కి అదీ రాలేదు. ఎనిడ్ జబ్బుకి డాక్టర్లు చేతులెత్తేశారని ఆ నోటా ఈ నోటా తెలిసింది.

మామూలు బస్సెక్కితే గంట ప్రయాణం. కానీ పిలవకుండా గుమ్మంలోకి వెళ్లడం వాళ్లలో లేదు, తోడబుట్టినదాని గుమ్మమైనా సరే. పైగా తానై వెళ్తే తల వంచుకుని వెళ్లినట్టే. అదే క్లైవ్ బస్సు అక్కడ ఆగిందనుకోండి, అది ఎవరి తప్పూ కాదు. ‘ఇటు వచ్చాం కదా అని ఒకసారి...’ ఆ ఒక్క మాట కోసమే హిల్డా ఇన్ని వేసవులు ఎదురుచూసింది.

ఆ ఆదివారం పాత పిండిమర దగ్గర బస్సు ఎడమకి తిరిగింది. రెండువైపులా ఎత్తుగా పెరిగిన కంచెపొదలు అద్దాల్ని రాసుకుంటున్నాయి. హిల్డా చేతిసంచీ గట్టిగా పట్టుకుంది.

“నెదర్ కోలీ!” అన్నాడు క్లైవ్. బస్సంతా చప్పట్లు. బెరిల్ చాక్లెట్ డబ్బా తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది.

దిగేటప్పుడు క్లైవ్ గొంతు తగ్గించి, “హిల్డా గారూ, గంటన్నర ఆగుతాం. కంగారేం లేదు,” అన్నాడు.

అందరూ టీకి, తీపి బన్నుల్లాంటి స్కోన్లకి ఊళ్లోని టీ గదికి వెళ్లారు. హిల్డా చర్చి దాటి నడిచింది. ఎనిడ్ ఇంటి ముందుతోటలో, అటు తిరిగి మోకాళ్ల మీద కూర్చుని, వాడిన గులాబీలు కత్తిరిస్తోంది. స్వెట్టరు కొక్కేనికి తగిలించినట్టు భుజాల మీంచి వేలాడుతోంది.

హిల్డా గేటు మీద చెయ్యేసి నోరు తెరిచింది.

“టీ గదికైతే వెనక్కెళ్లాలమ్మా,” అంది ఎనిడ్, తిరిగి చూడకుండానే. “చర్చి అవతల. బస్సులో వచ్చినవాళ్లంతా ఇటే తప్పుతారు.”

ఇన్నేళ్లుగా దాచుకున్న మాట ఎక్కడికి పోయిందో! నాలుక అలవాటైనదే పలికింది. “థాంక్యూ అండీ. ఇవాళ ఎండ బాగా కాసింది.”

కత్తెర ఆగింది. గొంతు గుర్తుపట్టింది. అక్క గొంతు ఎనిడ్‌కి తెలియకపోవడమేమిటి? ఆ మెడ ఇటు తిరుగుతుందేమోనని హిల్డా గేటు పట్టుకుని అలాగే నిలబడింది. తిరగలేదు.

“కాసింది,” అంది ఎనిడ్ చివరికి. “సాయంత్రానికి వానంటున్నారు.”

“అలాగే అంటున్నారు,” అంది హిల్డా.

కత్తెర మళ్లీ మొదలైంది. ఆ చప్పుడు చర్చి దాకా వినపడింది.

“ఇంతకీ ఏముందే ఆ ఊళ్లో?” అంది బెరిల్ తిరుగు ప్రయాణంలో.

“బావుంది,” అంది హిల్డా. దారిలో వాన పట్టుకుంది. క్లైవ్ అద్దంలోంచి ఆమెను ఒకసారి చూశాడు, మరి చూడలేదు. హిల్డా చాక్లెట్ డబ్బా విప్పకుండానే బెరిల్‌కి ఇచ్చేసింది.

తర్వాతి నెల కూడా హిల్డా వచ్చింది, అదే సీటుకి.

“నెదర్ కోలీయేగా?” అంది బెరిల్.

“ఏదో ఒకటి. నువ్వే చెప్పెయ్,” అంది హిల్డా కిటికీలోంచి చూస్తూ.

క్లైవ్ ఇంజను స్టార్ట్ చేశాడు.