మంగలికత్తి వీపున మల్లెతీగ

ఇప్పటి కుర్రవాళ్లు పళ్లు తోముకున్నంత తేలికగా గడ్డం గీసుకుని బయటపడుతున్నారు. ఆ రోజుల్లో అదొక తతంగం. నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లే అయింది. రాజులు మారినా గడ్డాలు మాత్రం మంగలి చేతిలోనే ఉండేవి. ఎంత పెద్ద దొర అయినా తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, తన గొంతును ఇంకొకడి కత్తి కింద పెట్టి ఊరి ముచ్చట్లు వినేవాడు. అంత నమ్మకం ఇప్పుడు అన్నదమ్ముల మధ్య కూడా కనబడదు. ఆ నమ్మకం మీద బతికిన ఇల్లు మాది. బాపు, అంటే మా నాన్న, మంథనిలో మంగలి. మా మేనమామ వేములవాడలో మొక్కులవాళ్లకు గుండ్లు గీసేవాడు. నేనొక్కణ్ణే దారి తప్పి బొగ్గుగనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాను. అయినా గడ్డం గీయడం నాకు పుట్టుకతోనే వచ్చని నా ధీమా (చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు కదా, ఆ సామెత నన్ను బాగా చెడగొట్టింది).

మేనమామ కూతురంటే నాకు ప్రాణం. ఈ సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసనుకునేవాణ్ణి. ఆమెకే అందరికంటే ముందు తెలుసట, అది వేరే విషయం. మా ఇళ్లలో ఒక రివాజు ఉండేది. పిల్లనడగబోయినవాడు తన కత్తితో పిల్ల తండ్రికి గడ్డం గీయాలి. సాఫీగా గీస్తే లగ్గం మాటలు మొదలవుతాయి. లేకపోతే కడుపునిండా అన్నం పెట్టి బస్సెక్కిస్తారు. అందుకని బాపు తన పనిముట్ల పొదిలోంచి ఒక మంచి కత్తి తీసి ముందుగానే నా చేతికిచ్చాడు.

“మీ మామ గడ్డం ముండ్లకంప. జర సాన వెట్టుకో, తోలు మీద తిప్పుకో. ఇంకేం జెయ్యకు” అన్నాడు.

ఇంకేం చేయొద్దన్నాక, చేయడానికి ఇంకేముందా అని వెతికే వయసు నాది. గడ్డం గీసేటప్పుడు నీళ్ల చెంబు పట్టుకుని పిల్ల పక్కనే నిలబడుతుంది. కత్తికి పదును ఎంతుందో ఆమెకేం కనబడుతుంది? వీపైతే కనబడుతుంది. కత్తికి కోసే అంచు ఒకవైపు ఉంటే, మందంగా ఉండే రెండో వైపును మేం వీపు అంటాం. దాని మీద ఇనుమును అరగదీసే ఆకురాయితో మల్లెతీగ చెక్కాలని నా మనసులో పడింది. కానీ అసలైన ఉక్కు కదా, ఆకురాయి దాని మీద పట్టదే! ఎంత అదిమినా సర్రున జారిపోయింది. అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. కోసే అంచుకు తడిమట్టి మెత్తి, కత్తిని కొలిమిలో పెట్టి, వీపు ఎర్రబడేదాకా కాల్చి, మెల్లగా చల్లార్చాను. (ఉక్కును అలా కాలిస్తే దాని పౌరుషం చస్తుందని నాకు తెలియక కాదు. మట్టి మెత్తాను కాబట్టి అంచుదాకా వేడి పోదనుకున్నాను. ఆ మాట వేడికి ఎవరూ చెప్పలేదు.)

ఇక ఆకురాయి వెన్నలో దిగినట్టు దిగింది. తీగ, ఆకు, మొగ్గ, మళ్లీ తీగ. వర్క్‌షాపులో అందరూ చేతులు తుడుచుకుని మరీ చూశారు. “గిది గడ్డానికా, దేవునర్రల వెట్టి పూజ జేసేటందుకా?” అన్నాడొకడు. సాన పెట్టి ముంజేతి మీద లాగి చూస్తే వెంట్రుకలు నున్నగా రాలిపోయాయి. ఇంకేం కావాలి!

వేములవాడలో మామ వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. ఒకపక్క బాపు, అవ్వ (మా ఇళ్లలో అమ్మను అలాగే పిలుస్తాం). ఇంకోపక్క చెంబుతో మరదలు. నేను కత్తి వీపు ఆమెవైపు ఉండేలా తెరిచాను. ఆమె చూసింది. కళ్లు పెద్దవి చేసింది. అక్కడితో ఆగిపోయి ఉంటే నా జీవితంలో అంతకంటే గొప్ప రోజు ఉండేది కాదు.

మొదటి గీత సాఫీగా దిగింది. రెండోదానికి కత్తి కిర్రుమంది. మూడోదానికి మామ పీట మీదినుంచి కొద్దిగా పైకి లేచాడు. మెత్తబడ్డ అంచు ఆ ముండ్లకంపకు తాకి మడతపడిపోయింది. ఆ తర్వాత నేను చేసింది గీయడం కాదు, పీకడం. మామ కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

“బాపూ, గా కన్నీళ్లు బిడ్డను ఇచ్చి పంపుతున్నందుకేనా?” అంది మరదలు.

“సప్పుడు జెయ్యకు! ఓరి అల్లుడా, గడ్డం గీస్తున్నవా, కోడి బూరు వీకుతున్నవా?”

“అయిపాయె మామా, ఇంక జరంతనే” అన్నాను. అవతలి చెంప మొత్తం మిగిలే ఉంది.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు నా చేతిలోంచి కత్తి లాక్కుని, గోటి మీద అంచు ఆనించి చూసి, తల దించుకున్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మామ లేచి మొహం కడుక్కుని, తన కత్తి తెచ్చుకుని, అద్దం కూడా చూడకుండా మిగతాది తనే గీసుకున్నాడు. తర్వాత నా కత్తిని ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. పిల్ల చేజారిందని ఖాయం చేసుకుని నేల చూస్తూ నిలబడ్డాను.

“పువ్వులు మస్తున్నయ్ రా. గని గీ కత్తికి బెండకాయ గూడ తెగది” అన్నాడు. అవ్వవైపు తిరిగి, “అక్కా, లగ్గం వెట్టుకో” అన్నాడు.

“గదేంది తమ్మీ, నీ చెంప గట్లయితే...” అంది అవ్వ.

“నాకు ఒక్కటే ఫికర్ ఉండె అక్కా. ఎన్నడన్న గా నౌకరీ ఇడిసివెట్టి, నేనూ గుండ్లు గీస్త అని నా పక్కకొచ్చి కూసుంటడేమోనని. ఇగ ఆ భయం లేదు. గీని చేతికి ఎవ్వడు మెడ ఇయ్యడు.” తర్వాత గొంతు తగ్గించాడు. “పొద్దంత గొంతుక్కూసోని నా మోకాళ్లు పాయె. నా బిడ్డ చిన్నప్పటి సంది నా మోకాళ్లకు నూనె రాసుకుంటనే పెరిగింది. ఇగ మొగని మోకాళ్లకు గూడ రాసుడు దానికెందుకు?”

మరదలు చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయింది. నాకు మాత్రం సంబరపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. పనితనం చూపించి పిల్లను గెలుద్దామని పోయినవాణ్ణి, పనికిరానివాడినని రుజువై గెలిచాను. పెళ్లయ్యాక కూడా చాలా రోజులు ఆ ఉక్రోషం నాకు తగ్గలేదు.

మామ ఇప్పుడు లేడు. నేను కంపెనీ నౌకరీ ఒక్కనాడూ విడిచిపెట్టలేదు. పొద్దంతా నిలబడే చేసే పని అది. రిటైరయ్యేసరికి నా మోకాళ్లు కూడా పోయాయి. పొద్దుగూకాక ఆమె నూనె గిన్నె పట్టుకుని వచ్చి నా కాళ్లదగ్గర కూర్చుంటుంది. వద్దంటే వినదు.

“మా బాపు అన్నీ ముందే సోంచాయించిండు గని, గిదొక్కటి తప్పిండు” అంటూ రాస్తుంది.