"నిల్సప్పా" పాడిన మా డ్రిల్ సారు

మొన్న పొద్దున బళ్ళారి దగ్గరి మా ఊరు యశ్వంతనగర్ నుంచి ఫోన్ వచ్చింది. "మన డ్రిల్ సారు పోయినాడప్పా. నిద్రలోనే," అన్నాడు నా చిన్ననాటి క్లాస్‌మేట్. మా బ్యాండులో వాడు డ్రమ్స్, నేను గిటారు. సారు పాడేవారు. పాడేవారనడం పెద్ద మాటే, అరిచేవారు.

ఇనుప ఖనిజం తవ్వే ఊళ్ళో పంక్ రాక్ ఏమిటని మీకు నవ్వు రావచ్చు. మైనింగ్ జోరుగా సాగిన రోజులవి. బళ్ళారి బజారులో ఎవరో అంటగట్టిన విదేశీ పంక్ క్యాసెట్ ఒకటి సారు చేతికొచ్చింది. స్టాఫ్‌రూములో మిగతావాళ్ళు చెవులు మూసుకుంటే ఆయన రెండు వైపులా విన్నారు. "వీళ్ళకు పాట రాదప్పా. కోపం వస్తాది, అంతే. కోపం మనకు గూడా ఉండాది గదా," అన్నారు.

ఆయన కోపమంతా ఖనిజం లారీల మీద. బడి ముందు రోడ్డు మీద అవి ఒకదాని తోక పట్టుకొని ఒకటి పోయేవి. బడి వదిలే వేళకు కాసేపు ఆగితే చాలని సారు అడగని ఆఫీసు లేదు. ఎవరూ వినలేదు. ఆ మాటే మా పాటయింది. బళ్ళారిలో ఒక జీన్స్ వాషింగ్ యూనిట్‌కు సెలవున్న రోజు, తడి గచ్చు మీద నిలబడి రికార్డు చేశాం. ఆల్బమ్ పేరు "నిల్సప్పా", అంటే కన్నడంలో ఆపప్పా అని. సగం కన్నడం, సగం తెలుగు, రాగం సున్నా.

అది చుట్టుపక్కల ఊళ్ళను ఊపేసింది. ఆటోల్లో అదే, టీ హోటళ్ళలో అదే, వినాయకుడి ఊరేగింపులోనూ అదే. వాషింగ్ యూనిట్లలో పాడైన జీన్సు తొడుక్కొని కుర్రాళ్ళు జుట్టు ముళ్ళలా నిలబెట్టుకున్నారు. "ఏంది సార్, పిల్లోళ్ళకు చినిగిన ప్యాంట్లు నేర్పిస్తిరి?" అని ఒక తల్లి నిలదీసింది. ఇస్త్రీ మడత నలగని తెల్ల ప్యాంటులో నిలబడి సారు, "అరిచేది నేర్పిస్తి గానీ చించేది నేను గాదమ్మా," అన్నారు.

అందరికంటే ఎక్కువగా కొన్నది లారీ డ్రైవర్లు. అది వింటే నిద్ర రాదట. లారీల యజమాని ఒకాయన, మా పక్క ఊరి రైతు కుటుంబం మనిషే, కొత్త బండి పూజకు వచ్చి పాడమన్నాడు. "ఏం పాట సార్, రక్తం ఉడుకుతాది!" అన్నాడు. సారు వెళ్ళలేదు. "అందరూ విన్నారప్పా. యెవురూ ఆపల్య," అని కుర్చీలో కూలబడ్డారు. ఆ తర్వాత మళ్ళీ పాడలేదు. ఇప్పటికీ ఆ పాట ఎక్కడైనా వినిపిస్తే నాకు గర్వం కాదు, అలసట వస్తుంది. అయినా, నోరు తెరవడానికే భయపడే నాలాంటివాడికి అరవడం తప్పు కాదని చెప్పింది ఆయనొక్కరే. అందుకు ఆయనకు చేతులెత్తి దణ్ణం పెడతాను.

పాట మానేశాక సారు రోజూ బడి వదిలే వేళకు వెళ్ళి రోడ్డు మధ్యన నిలబడేవారు. ఒక సాయంత్రం నేను చూశాను. చెయ్యి చాపి ఒక లారీని ఆపారు. ఆయన వెనక పిల్లలు రోడ్డు దాటుతున్నారు. క్యాబిన్‌లో పాట పెద్దగా మోగుతోంది. సారు గొంతే, "నిల్సప్పా, నిల్సప్పా" అని. ఎదురుగా ఉన్నది ఎవరో డ్రైవరుకు తెలియదు. తల ఊపుతూ, ఆ పాటకు తాళంగా హారన్ కొడుతూ, "పక్కకు జరుగు సామీ, టైమైతాంది!" అని కేకలేస్తున్నాడు. ఆఖరి పిల్ల దాటేదాకా సారు చెయ్యి దించలేదు.