హాల్ టీవీలో నా అక్షరాలు

భాయ్ ఫలక్‌నుమాలో ఒక పాత గేమింగ్ ల్యాప్‌టాప్ కొని, లినక్స్ తనే వేశాడు. అందులో గ్రాఫిక్స్ రెండు: ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్నది, ఆటల కోసం విడిగా ఉండే పెద్ద కార్డు. హాల్లో టీవీకి వెళ్లే కేబుల్ పెద్ద కార్డుదే. అది నడిస్తే ల్యాప్‌టాప్‌లో కనిపించేదంతా టీవీలోనూ కనిపిస్తుంది. నేను డైరీ రాసుకునేటప్పుడు చిన్నదానికి మారుస్తాను. అప్పుడు ఫ్యాన్ ఆగుతుంది, టీవీకి ఏమీ వెళ్లదు. కేబుల్ గుచ్చే చోటు వదులైందని భాయ్ దాన్ని మాత్రం తీయనివ్వడు.

"డైరీ రాసేటందుకు గింత పెద్ద మెషీనా?" అని నవ్వేవాడు. "మార్చినంక రీస్టార్ట్ చెయ్యి. లేకుంటే మారది."

ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం. తెలుగు చదవడం వచ్చినది మాత్రం భాయ్‌కీ, నాకే. అమ్మీ, మా అమ్మమ్మ నానీ చదివేది ఉర్దూ. నేను తెలుగులో రాసేది అందుకే.

ఆ శుక్రవారం పొద్దున నానీ పరీక్షల రిపోర్టు వచ్చింది. అమ్మీ వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. "నానీకి చెప్పకు, నా మీద ఒట్టు. కసమ్ తిను." తిన్నాను. మధ్యాహ్నం అమ్మీ డాక్టర్ దగ్గరికి, భాయ్ నమాజుకు వెళ్లారు. నేను గది తలుపు వేసుకుని, చిన్న గ్రాఫిక్స్‌కు మార్చే కమాండ్ కొట్టి, వెంటనే రాయడం మొదలుపెట్టాను. రీస్టార్ట్ చేయలేదు.

క్యాన్సర్ అని రాశాను. చెరిపాను. మళ్లీ రాశాను, చెరిపాను. మూడోసారి ఉంచేశాను. ఫ్యాన్ ఆగలేదు. పక్కన ఎవరో కూర్చుని ఊపిరి వదులుతున్నట్టు మోచేతికి వెచ్చటి గాలి తగులుతోంది. ఎండాకాలం కదా అనుకున్నాను.

హాల్లో నానీ ఎవరితోనో మాట్లాడుతోంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

వెళ్లి చూస్తే, తల మీద దుపట్టా కప్పుకుని టీవీ ముందు కూర్చుంది. నల్లటి తెర మీద నా తెల్లటి అక్షరాలు. చివర కర్సర్ కొట్టుకుంటోంది.

"ఎవరు బేటీ ఈయన? టీవీ పెడ్తే బొమ్మ లేదు, మనిషి లేడు. రాస్తనే ఉన్నడు. ఎవరు బాబా అంటే పలుకుతలేడు."

"కంప్యూటర్ నానీ..."

"నువ్వొచ్చినవ్, ఆగిండు."

రిమోట్ అందుకున్నాను. నానీ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ. నాకు ఈ అచ్చరాలు సదువొస్తలేదు గాని సూస్తున్న. ఒక్క మాట రాసిండు, తుడిసిండు. మళ్ల రాసిండు, తుడిసిండు. గంత భయమేందో ఆ మాటకు?"

లేచి తెర దగ్గరికి వెళ్లి వేలు పెట్టింది. సరిగ్గా ఆ మాట మీదే.

"ఇది నాదేనా?"

పొద్దున అమ్మీకి తిన్న కసమ్ గుర్తొచ్చింది. రిమోట్ కింద పెట్టాను. టీవీని చూసినట్టే నానీ నా ముఖాన్ని చాలాసేపు చూసి, వేలు తీసేసింది.

"నాకు తెలిసిందని మీ అమ్మీకి చెప్పకు. కసమ్ తిను."

తిన్నాను. గదిలోకి వెళ్లి రీస్టార్ట్ చేశాను. ఫ్యాన్ ఆగింది, ఇల్లంతా నిశ్శబ్దం. తలుపు సందులోంచి చూశాను. సిగ్నల్ లేదని టీవీ చూపిస్తున్నా, నానీ ఇంకా ఆ మాట ఉన్న చోటే చూస్తూ కూర్చుంది.