ఎండ పడిన ముఖాలు

కెనడాలోని హాలిఫాక్స్ ఆసుపత్రిలో పెథాలజిస్టుగా రిటైరయ్యాక డాక్టర్ సూర్యకుమారి పాత స్పానిష్ కథల మీద పడింది. యూనివర్సిటీలో పెద్దవాళ్ళను క్లాసులో ఊరికే కూర్చోనిస్తారని తెలిసి చేరిపోయింది. చదివేది ఇంగ్లీషు అనువాదాలే అయినా ముందు వరసలో కూర్చుని అందరికంటే ముందు చెయ్యెత్తేది.

ఆ ఏడు ఊరి నిండా చదువుకోడానికొచ్చిన తెలుగు పిల్లలే. బస్సులో, ఫెర్రీలో, కాఫీ షాపుల్లో ఎక్కడ చూసినా వాళ్ళే. ఎవరైనా ఫోన్లో గట్టిగా తెలుగు మాట్లాడుతుంటే సూర్యకుమారి తనకా భాష రానట్టు కిటికీలోంచి బయటికి చూసేది.

క్లాసులో భవిత అనే అమ్మాయి ఉండేది. కాఫీ షాపు యూనిఫాం మీదే కోటు తొడుక్కుని పరిగెత్తుకొచ్చేది. మొదటిరోజే దగ్గరికొచ్చి, "ఆంటీ, మీరు మనోళ్ళేనా? మాది మధిర దగ్గర" అంది.

సూర్యకుమారిదీ ఆ పక్క ఊరే. "అవునమ్మా, మా నాన్నగారివాళ్ళకి అటువైపు భూములుండేవి" అని మాట తుంచేసింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో పార్టీల్లో చెప్పిన మాట అది. చెప్పీ చెప్పీ తనకే నిజమైపోయింది.

ఒకరోజు ఆ కథల్లో వెలుగు గురించి మాట్లాడాల్సిన వంతు భవితది. నాయిక ముసుగు తీయగానే గదిలో సూర్యుడు పొడిచినట్టు రాస్తారు, తెల్లటి మెడ దీపంలా మెరిసిందంటారు. అవన్నీ చదివి వినిపించి, తడబడుతున్న ఇంగ్లీషులో ఇలా అంది: "మా ఊళ్ళో ఎండ ముఖాన పడితే అందమని ఎవరూ అనరు. మిరప కళ్ళంలో అమ్మ ముఖమంతా కొంగు చుట్టుకుంటుంది. ఆ దేశంలోనూ ఎండలో పనిచేసేవాళ్ళు ఉండే ఉంటారు కదా. వాళ్ళ ముఖం మీద పడ్డ వెలుగు గురించి ఎక్కువగా ఎందుకు రాయలేదు?"

ఆమె ఉచ్చారణకి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రొఫెసరు సూర్యకుమారివైపు తిరిగాడు. "మీరూ అటువైపువారే కదా. నిజంగా అలాగే ఉంటుందా?"

భవిత ఆశగా చూసింది.

"నాకు తెలియదండీ. మా నేపథ్యం వేరు" అంది సూర్యకుమారి, చక్కటి ఇంగ్లీషులో.

అనగానే కొంగు కింద చెమట, మిరప ఘాటుకి అమ్మ దగ్గు, తన గోళ్ళలో మంట, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ కళ్ళంలో రంగుపోయిన తాలుకాయలు ఏరిన పిల్లే తను. భవిత తలవంచుకుని కాగితాలు సర్దుకుంది.

ఇంట్లో భర్త దక్షిణామూర్తి, "ఏంటలా ఉన్నావు?" అంటే అంతా చెప్పింది.

ఆయన, "నువ్వు కాదన్నది ఆ పిల్లని కాదు, మీ అమ్మని సూర్యా" అన్నాడు.

మరుసటి క్లాసులో ప్రొఫెసరు పాఠం మొదలుపెట్టకముందే సూర్యకుమారి లేచి నిలబడింది. "ఆరోజు నేను అబద్ధం చెప్పాను. మాకు భూములుండేవని భవితకి చెప్పిందీ అబద్ధమే. మా అమ్మ కూలికి వెళ్ళేది, నేనూ వెళ్ళేదాన్ని. భవిత అడిగిన ప్రశ్న సరైనది. నాకు తెలిసి కూడా ఆమెను ఒంటరిని చేశాను."

చెప్పేస్తే తేలికవుతుందనుకుంది. కాలేదు. అందరూ తన ధైర్యాన్ని మెచ్చుకుంటున్నట్టు చూడడంతో ఇంకా సిగ్గేసింది.

క్లాసయ్యాక గుమ్మం దగ్గర భవితని ఆపి, "నన్ను క్షమించమ్మా" అంది.

"పర్లేదు మేడమ్" అంది భవిత కోటు గుండీలు పెట్టుకుంటూ. "కానీ ఆరోజు నేను ఇంటికెళ్ళి మా అమ్మకి ఫోన్ చేయలేకపోయా. ఆమె గురించి నలుగుర్లో చెప్పి తప్పు చేశానేమో అనిపించింది. షిఫ్టుకి లేటవుతుంది, వెళ్తా."

ఏప్రిల్‌లో కోర్సు ముగిసింది. భవిత ఓక్‌విల్ అనే దూరపు ఊరికి మారిపోయిన సంగతి ప్రొఫెసరు చెబితేగానీ సూర్యకుమారికి తెలియలేదు.